చుక్క పెట్టిన గడి

2025 సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు మా బాబాయి కొడుకు ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నయ్యా, నీకు ఎక్సెల్ వచ్చుగా, కాస్త చూసిపెట్టవా?" అన్నాడు. లోపల నాలుగు పేజీల ప్రశ్నావళి. తమ్ముడు వేదాంత కళాశాలలో బి.డి. చివరి సంవత్సరం చదువుతున్నాడు. చదువు ముగిసేలోపు ఒక పరిశోధన చేసి థీసిస్ ఇవ్వాలి. పల్లెల్లో క్రైస్తవ యువత యవ్వనస్థుల కూడికలకి రావటం ఎందుకు మానేస్తున్నారు, సంఘం వాళ్ళకోసం ఏం చేయొచ్చు, ఇదీ వాడి విషయం. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట, మిర్చీ పత్తీ పండే ఐదు ఊళ్ళు ఎంచుకున్నాడు. ఆ ఊళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. పన్నెండేళ్ళుగా ఇతరుల డేటాలో తప్పులు వెతకటమే నా పని. ఆ కాగితాలు చూడగానే నాకు తప్పులే కనిపించాయి. ఒకే ప్రశ్నలో రెండు ప్రశ్నలు. వయసు దగ్గర గడి లేదు, ఊరికే ఒక గీత. ఒకచోట "కులం (ఇష్టమైతేనే రాయండి)" అని ఉంది. నవ్వొచ్చింది. రాత్రికి రాత్రి మొత్తం గూగుల్ ఫారంలోకి మార్చేశాను. పేరు, ఫోన్ నంబరు, వయసు, చదువు, సంఘం, బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం, సర్టిఫికెట్లో ఉన్న మతం, కులం. అన్నిటి పక్కనా ఎర్ర చుక్క పెట్టాను. ఆ చుక్క ఉంటే గడి నింపకుండా ఫారం ముందుకు పోదు. 'ఇష్టమైతేనే' అన్న మాట తీసేశాను.

"ఇష్టమైతే అంటే ఎవడూ నింపడురా. సగం డేటా పోతుంది" అన్నాను.

తమ్ముడు ఒక్క క్షణం ఆగి, "సరే అన్నయ్యా" అన్నాడు. వాడు ఆగటం నేను చూశాను. చూసి కూడా ఎందుకని అడగలేదు.

*

ఇలాంటి ప్రాజెక్టుల గురించి బయట ఎవరికీ పెద్దగా తెలీదు. బి.డి. డిగ్రీ సెరంపూర్ కాలేజీ సెనేట్ ఇస్తుంది. 1818లో బెంగాల్లో పెట్టిన ఆ కాలేజీ కిందే మన వేదాంత కళాశాలలు చాలా నడుస్తున్నాయి. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకి మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల కూడా వాటిలో ఒకటి. విద్యార్థులు క్లాసుల్లో గ్రీకూ హీబ్రూ చదువుతారు, మిగతా రోజుల్లో బస్తీలకీ ఆసుపత్రులకీ హాస్టళ్ళకీ పల్లె సంఘాలకీ వెళ్ళి పనిచేస్తారు. చూసింది రాస్తారు. అది రెక్సిను అట్టతో, బంగారు అక్షరాలతో బైండై లైబ్రరీ అల్మారాలోకి వెళ్తుంది. తర్వాత ఇంకో విద్యార్థి తన థీసిస్ పేజీలు ఎలా కుట్టించుకోవాలో చూసుకోటానికి దాన్ని తెరుస్తాడు. తమ్ముడు చెప్పిన మాటే ఇది.

నాకు పుస్తకాల పిచ్చి ఉంది కాబట్టి, ఫారం తయారయ్యాక ఈ నేల మీద ఇలాంటి పని ముందు ఎవరు చేశారా అని వెతికాను. ఒంగోలు కథ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. సండే స్కూల్లో చెప్పేవాళ్ళు. 1876-78 కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత ముక్క కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలికి ఒంగోలు చేరిన వేలమందికి పని ఇచ్చాడు. వాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట వాళ్ళమీద పడకూడదని ఆయన పట్టు. సాయం ఆగాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

సండే స్కూల్లో మాకు ఆ అంకెనే బట్టీ పట్టించారు. ఆ రెండువేల పైచిలుకు మంది ఏమనుకుంటూ నీళ్ళలోకి దిగారో ఎవరూ చెప్పలేదు. అది కొంతైనా దొరికేది ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వేసిన పుస్తకంలో. పేరు 'వైల్ సోయింగ్ శాండల్స్'. ఆవిడ బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసిన మనిషి. ఒంగోలు చుట్టుపక్కల మాదిగ బోధకుల జ్ఞాపకాలు, మాతంగి కథలు, ఊరి దేవతల సంగతులు విని రాసింది. ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవంలోకి రాకముందే రాజయోగ గురువుల దగ్గర నేర్చుకున్నాడని అందులోనే చదివాను. ఉపశీర్షికలో ఆవిడ వాళ్ళని పిలిచిన తీరు ఇప్పుడు చదివితే ముల్లులా గుచ్చుకుంటుంది. కానీ ఆ మనుషులకి ముందొక జీవితం ఉందనీ, ఒక మతంలోంచి ఇంకో మతంలోకి గీత దాటినట్టు రాలేదనీ ఆ పుస్తకం ఒప్పుకుంటుంది.

రెండోది 1968లో వచ్చింది. పి.వై. లూక్, జాన్ కార్మన్ కలిసి మెదక్ ప్రాంతపు పల్లె సంఘాల మీద రాసిన 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్'. అందులోనూ అంతే. చర్చికి వచ్చేవాళ్ళ ఇళ్ళలో పండగలూ మొక్కులూ పెళ్ళి ఆచారాలూ అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

ఈ రెండూ చదివి కూడా నేను "మతం" దగ్గర ఎర్ర చుక్క తీయలేదు. అక్షరం చదవటం వేరు, ఒంటికి పట్టటం వేరు.

*

ఫిబ్రవరి మొదటి ఆదివారం తమ్ముడితో కలిసి మొదటి ఊరికి వెళ్ళాను. ఆరాధన రాత్రి ఏడున్నరకి. మిరప కోతల కాలంలో పగలు పెడితే అయ్యగారూ అమ్మగారూ తప్ప ఎవరూ ఉండరు. దారి పొడుగునా కల్లాల మీద కాయ ఎర్రగా పరిచి ఉంది. ఆ ఏడు ధర పడిపోయింది. కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు ఖరారు చేసిందన్న వార్త ఆ నెలలోనే వచ్చింది. చర్చి ముందు అరుగు మీద మగవాళ్ళు మాట్లాడుకున్నది పడిపోయిన ధర గురించే. కౌలుకి చేసినవాళ్ళు కోత కూలీ కూడా రాదేమోనని కాయని చెట్టు మీదే వదిలేద్దామా అనుకుంటున్నారు. లోపల ఆడవాళ్ళు చేతులకి కొబ్బరినూనె రాసుకుని కూర్చున్నారు. పగలంతా కాయ కోసిన వేళ్ళు రాత్రికి మండుతాయి. ప్రార్థన మధ్యలో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. ఘాటు బట్టల్లోనే ఉంటుంది.

ఆరాధన అయ్యాక అయ్యగారు పదిహేను నిమిషాలు ఇచ్చారు. పిల్లలు ఫోన్లు తీశారు. ఫోన్ లేనివాళ్ళు తమ్ముడి ఫోన్ చుట్టూ చేరారు. "అన్నా, దీనికి మార్కులుంటాయా?" అని ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు. కానీ వాళ్ళు నింపిన తీరు పరీక్షలాగే ఉంది. యవ్వనస్థుల కూడికతో ఎంత తృప్తిగా ఉన్నారంటే అందరూ 'చాలా తృప్తి'. అయ్యగారు వెనకే నిలబడి ఉన్నారు మరి.

మాటల్లో పెడితే వేరే ఇబ్బంది. తమ్ముడు ఎవరినైనా "నీ గురించి చెప్పు" అంటే వాళ్ళు సాక్ష్యం చెప్పేవాళ్ళు. సాక్ష్యానికి ఒక నడక ఉంది. ముందు నేనిలా ఉండేదాన్ని, తర్వాత ఒక కష్టం, ఆ తర్వాత ప్రార్థన, విడుదల, అందరూ ఆమెన్. మా ఇళ్ళలో పుట్టిన ప్రతివాళ్ళకీ ఆ నడక వచ్చు. అక్షరం రాని మా నాయనమ్మ కూడా కథ పట్టు తప్పకుండా చెప్పేది. అదొక గొప్ప మౌఖిక సాహిత్య రూపమని నా నమ్మకం, మన విమర్శకులు ఇంకా దాని జోలికి సరిగ్గా వెళ్ళలేదు. కానీ ఆ రూపంలో ఒక చిక్కుంది. ముగింపు రాని కష్టం అందులో ఇమడదు. ఉద్యోగం ఇంకా రాలేదు, పెళ్ళి కుదరలేదు, కౌలు అప్పు తీరలేదు అన్నవాడికి చెప్పటానికి సాక్ష్యం లేదు. అందుకని వాడు లేవడు. కొన్నాళ్ళకి రావటమే మానేస్తాడు.

ఈ మాట నాకు తోచింది కాదు. రెండో ఊళ్ళో కీబోర్డు వాయించే కుర్రాడు చెప్పాడు. డిగ్రీ అయింది, మిర్చి యార్డులో టిక్కీలు లెక్కరాసే పని. కూడికకి రావటం మానేశాడు గానీ వాయించటం మానలేదు. "అన్నా, యూత్ మీటింగంటే పాపం గురించి చెప్తారు. ప్రేమలో పడొద్దు, ఫోన్ చూడొద్దు. నాకు పాపం చేసే టైము కూడా లేదు. పొద్దున్నే యార్డుకి పోవాల. నాకేం చెప్తారు?" అన్నాడు. చెప్పి, నవ్వి, ఫారంలో మాత్రం 'చాలా తృప్తి' నొక్కాడు. తమ్ముడి పరిశోధన మొత్తానికి అదే జవాబని అప్పుడు నాకు తెలీలేదు. అది గడిలో పడలేదు కాబట్టి.

మూడు ఆదివారాలు అయ్యేసరికి జవాబులు వంద దాటాయి. గుంటూరులో మేడమీద కూర్చుని షీటు తెరిచాను. మతం, కులం అన్న రెండు కాలమ్‌ల నిండా చుక్కలు. అక్షరాలు లేవు, ఒక్కో గడిలో ఒక్కో చుక్క. ఫారం ఖాళీగా వదలనివ్వదు కదా, అందుకని ఫుల్‌స్టాప్ నొక్కి ముందుకు పోయారు. ఒకరు చూసి ఒకరు చేసింది కాదు. ఐదు ఊళ్ళలోనూ ఉన్నాయి.

నేను విసుక్కున్నాను. చుక్క ఉన్న వరుసలన్నీ ఏరి పక్కన పడేసే ఫార్ములా రాశాను. ఆ షీటుకి 'చెల్లని జవాబులు' అని పేరు పెట్టాను.

*

ఆ చుక్క ఏమిటో మీలో చాలామందికి ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కాలేదని చెప్పుకోవటం అబద్ధం. మా ఇంట్లోనే ఉంది ఆ సంగతి.

మా తాతయ్య మిషను ఎలిమెంటరీ స్కూల్లో పంతులు. ఆయన తమ్ముడు, మా చిన్న తాతయ్య, కూలి. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఒకే చర్చిలో బాప్తిస్మం, ఒకే సమాధుల తోటలో పక్కపక్కన ఉన్నారు. కానీ మా వైపు సర్టిఫికెట్లలో 'బీసీ-సీ', చిన్న తాతయ్య వైపు 'ఎస్సీ, హిందూ'. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఆ హోదా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళూ వాళ్ళ సంతానమూ బీసీ-సీ కింద వస్తారు, వాళ్ళకి ఒక్క శాతం రిజర్వేషన్. తాతయ్య మిషను జీతం తీసుకునే మనిషి కాబట్టి క్రైస్తవుడని రాసుకున్నాడు. చిన్న తాతయ్య పిల్లల్ని బళ్ళో వేసినప్పుడు ఊరి పంతులు ఏం రాశాడో అదే ఉండిపోయింది.

నాకు ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకుకి ఆ ఒక్క శాతంలో సీటు రాలేదు. నాన్న అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో చేర్పించాడు. అదే సంవత్సరం నాకంటే వెనక ర్యాంకు వచ్చిన చిన్న తాతయ్య మనవడికి మంచి కాలేజీలో సీటు వచ్చింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. క్రిస్మస్‌కి అందరం ఒకేచోట భోంచేశాం. "మేం నిజం రాశాం, వాళ్ళు రాయలేదు" అన్న మాట నాలో అప్పుడు నాటుకుంది. అది ఎవరితోనూ అనలేదు. పదహారేళ్ళ తర్వాత ఒక ఫారంలో 'ఇష్టమైతేనే' అన్న మాట కొట్టేసిన చెయ్యి ఆ మాటదే. డేటా శుభ్రంగా ఉండాలన్నది నేను తమ్ముడికి చెప్పిన కారణం.

*

మార్చి మొదటివారంలో ఒక రాత్రి తమ్ముడికి ఫోనొచ్చింది. స్పీకరు పెట్టాడు. మూడో ఊళ్ళోంచి ఒక తల్లి.

"అయ్యా, మా పాప పేరు ఆ లిస్టులోంచి తీసెయ్యండయ్యా. డీఎస్సీకి చదువుతుంది. పేరు, ఫోను, బాప్తిస్మం ఎప్పుడో అన్నీ పడున్నాయంట. మా పక్కింటోళ్ళ పిల్లోడు చూపించాడు. మేం చదువుకోనోళ్ళం, మీరు ఏదడిగితే అది చెప్పాం. మీకు దణ్ణం పెడతా, రాయబాకండయ్యా."

ఏం జరిగిందో ఐదు నిమిషాల్లో తేలింది. ఎన్ని జవాబులు వచ్చాయో చూపించటానికి తమ్ముడు యూత్ వాట్సాప్ గ్రూపులో ఒక లింకు పెట్టాడు. ఆ లింకు నేనిచ్చిందే. దాన్ని 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని వదిలేసింది నేనే. ఆఫీసులో ఇలాంటి పని జూనియర్ ఎవరైనా చేస్తే నేను గంటసేపు క్లాసు తీసుకుంటాను. ఆ అమ్మాయి కులం దగ్గర చుక్క పెట్టింది. మతం దగ్గర చుక్క పెట్టింది. కానీ బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం దగ్గర చుక్క చెల్లదు, అంకెలే ఉండాలని నేను నిబంధన పెట్టాను. అక్కడ నిజం రాసింది.

షీటు అప్పుడే మూసేశాం. తమ్ముడు ఏమీ అనలేదు. "అన్నయ్యా, ఆ రోజు నీకు చెప్పాల్సింది" అని మాత్రం అన్నాడు. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఇద్దరం ఆ ఊరు వెళ్ళాం. ఆ తల్లి కల్లంలో తాలుకాయ ఏరుతోంది. అమ్మాయి బయటికి రాలేదు. తీసేశామమ్మా అని చెబితే, "తీసేశారుగా, ఇంక లేదుగా?" అని మూడుసార్లు అడిగింది. తర్వాత మంచినీళ్ళిచ్చింది. "కూర్చోండయ్యా, ఎండనబడి వచ్చారు" అంది. ఆ మర్యాదకి నేను తలెత్తలేకపోయాను.

వెనక్కి వస్తూ మా చిన్న తాతయ్య కూతురి ఇంటికి వెళ్ళాం. నాకు మేనత్త. చాలా ఏళ్ళయింది వాళ్ళింటికి వెళ్ళి. జరిగింది చెప్పాను. నాలో ఉన్నదీ చెప్పాను, సీటు సంగతితో సహా. అత్త పప్పు వడ్డిస్తూ వింది.

"మీ తాత బడిపంతులు. నెల తిరిగేసరికి మిషను జీతం. ఆయన అట్టా రాసుకుంటే ఆయనకి గడిచింది" అంది. "మా నాయన రాస్తే మాకు గడిచేది కాదబ్బాయ్. అయినా మనం ప్రభువును నమ్ముకున్నామని ఊరోళ్ళు మన పల్లెని ఊళ్ళో కలిపారా? నీళ్ళ దగ్గర పిలిచిన పేరు మార్చారా? కులం అట్టానే ఉంచి, కాగితం ఒక్కటే మార్చుకోమంటే ఎట్టా?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడే మళ్ళీ, "నీకు సీటు రాలేదని మీ నాయనమ్మ మా ఇంటికొచ్చి ఏడ్చిందిరా. మేమూ ఏడ్చాం" అంది. అది నాకు తెలీదు.

*

తమ్ముడు గైడు గారికి ఉన్నదున్నట్టు రాశాడు. ఆయన మొదట పట్టికలు లేకుండా థీసిస్ నిలబడదేమో అన్నారట. తర్వాత, ఎందుకు లేవో అదే ఒక అధ్యాయంగా రాయమన్నారు. పాత జవాబులన్నీ తుడిచేశాం. గడువుకి రెండు నెలలు ఉంది. తమ్ముడు మళ్ళీ ఆ ఊళ్ళకి వెళ్ళాడు, ఈసారి ఫారం లేదు, నేనూ లేను. అయ్యగార్లని రావద్దని బతిమాలుకున్నాడు. రాత్రిళ్ళు కల్లాల కాపలాకి పడుకునే కుర్రాళ్ళ దగ్గర కూర్చున్నాడు, తొడిమలు తీసే ఆడపిల్లల దగ్గర వాళ్ళ అమ్మలుండగా కూర్చున్నాడు. పేర్లు రాసుకోలేదు. ఒకటే అడిగాడు: "చర్చిలో చెప్పుకోలేని విషయం ఏదైనా ఉందా? ఏమిటో చెప్పక్కర్లేదు, ఉందా లేదా చెప్పండి చాలు." చాలామంది ఉంది అన్నారు. కొంతమంది ఏమిటో కూడా చెప్పారు. కౌలు అప్పులు. బెంగళూరులో ఉద్యోగమని చెప్పి చేస్తున్న వేరే పని. మాల సంఘం అమ్మాయి, మాదిగ సంఘం అబ్బాయి, ఊరి రెండు చివర్ల రెండు చర్చీలు. ఆ చుక్క సంగతి కూడా చెప్పారు.

ఆ అధ్యాయం రాస్తూండగానే, ఏప్రిల్ ఆఖరున హైకోర్టు తీర్పొచ్చింది. పాత గుంటూరు జిల్లాలోని ఒక ఊళ్ళో పాస్టరు తనని కులం పేరుతో దూషించి కొట్టారని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసు. మతం మారిన వ్యక్తికి ఆ చట్టం రక్షణ ఉండదని కోర్టు కేసు కొట్టేసింది. కారంచేడు 1985, చుండూరు 1991, ఈ రెండూ ఈ మైదానంలోవే. ఆ చట్టం ఎవరికి ఎందుకు అవసరమో ఇక్కడ వివరించక్కర్లేదు. దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని 2023 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం చేసి పంపింది. తీర్మానం తీర్మానంగానే ఉంది. తీర్పొచ్చిన రాత్రి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆ షీటు నిజంగా పోయిందా? ట్రాష్‌లో కూడా లేదు కదా?" అని అడిగాడు. లేదని తెలిసినా లేచి మళ్ళీ చూశాను.

ఆ రోజుల్లోనే జాషువా 'గబ్బిలం' మళ్ళీ తీశాను. వినుకొండలో క్రైస్తవుల ఇంట్లో పుట్టిన కవి, గుంటూరు లూథరన్ ట్రెయినింగ్ స్కూల్లో పాఠం చెప్పిన కవి, 1941లో రాసిన కావ్యంలో గుడిలోకి రానివ్వని మనిషి చేత కాశీలోని శివుడికి కబురు పంపించాడు. ఆ కావ్యానికి మతం అన్న గడి ఉంటే ఏం నింపుతాం? జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000)లో కరువూ కాలువ పనీ మతం మారటమూ ఒక కుటుంబం కథలో వరసగా వస్తాయి. అక్కడా అంతే, పాత పాటని ఒళ్ళోంచి దింపకుండానే కొత్త దేవుడి దగ్గరికి వెళ్తారు. సాహిత్యంలో దీన్ని నేను ఎప్పుడూ మెచ్చుకుంటూనే వచ్చాను. రెండు మూడు వ్యాసాలు కూడా రాశాను. అదే మనిషి పక్క ఊళ్ళో మిరపకాయలు కోస్తూ ఎదురుపడి గడిలో చుక్క పెడితే 'చెల్లని జవాబు' అన్నాను.

క్లౌ కరువులో బాప్తిస్మం ఎందుకు ఆపాడో కూడా ఇప్పుడు వేరేగా అర్థమవుతోంది. నమ్మకాన్నీ అన్నాన్నీ ఒకే పుస్తకంలో ఎక్కిస్తే రెంటికీ మచ్చే. ఆయన కొన్ని నెలలు ఆగగలిగాడు, కరువు అయిపోయింది. ఇక్కడ 1950 నుంచీ ఆగుతున్నారు.

*

థీసిస్ మే నెలలో ఇచ్చాడు. వైవాలో ఒక్క పట్టిక కూడా ఎందుకు లేదని అడిగారట. చెప్పాడట. పాసయ్యాడు. చివరి అధ్యాయంలో సూచనలు ఉండాలి కాబట్టి కొన్ని రాశాడు. పిల్లలు వాడిని అడిగినవే అవి. కోతల కాలంలో కూడిక ఆదివారం పెట్టొద్దు. ముగింపు లేని కష్టాన్ని కూడా లేచి చెప్పుకోనివ్వండి, వెంటనే ఆమెన్ అనకండి. సాయంత్రాలు చర్చి తలుపు తెరిచి, లైటూ ఫ్యానూ వేసి ఉంచండి, చదువుకుంటాం. ఎవరొచ్చారో రిజిస్టరు పెట్టొద్దు.

చివరిదాన్ని మూడో ఊరి అయ్యగారు ఒప్పుకున్నారు. ఫ్యాను రిపేరుకి నేను డబ్బు ఇస్తానంటే తీసుకున్నారు.

పోయిన డిసెంబరులో తమ్ముడితో కలిసి మళ్ళీ అటు వెళ్ళాను. పత్తి ఆఖరి తీత నడుస్తోంది, మిరప ఇంకా పచ్చిగానే ఉంది. ఇళ్ళ మీద క్రిస్మస్ స్టార్లు వెలుగుతున్నాయి. చర్చిలో ఆరేడుగురు పిల్లలు గోడలకి ఆనుకుని చదువుకుంటున్నారు. వాళ్ళలో ఆ తల్లి కూతురు ఉందో లేదో నాకు తెలీదు. ఆ అమ్మాయిని నేను చూడలేదు కదా. తమ్ముడికి తెలుసు. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. కాసేపు అరుగు మీద కూర్చుని, చెప్పులేసుకుని, అత్త వాళ్ళింటికి భోజనానికి బయల్దేరాం.